కుడి అంచు పైకొచ్చిన కిమోనో

నెల్లూరులో నాకు వేషాల దుకాణం ఉంది. బడి వార్షికోత్సవాలకు కృష్ణుడి కిరీటాలు, భారతమాత చీరలు, పులి తోకలు అద్దెకిస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. ఐదారేళ్ల కిందట కాలేజీ పిల్లలు ఫోన్లు చూపించి "ఆంటీ, ఇది కావాలి" అనడం మొదలుపెట్టారు. చూస్తే నీలం జుట్టు, నేలమీద ఈడ్చుకుపోయే కోటు, నడుముకు కత్తి. జపాన్ వాళ్ల బొమ్మల కథలట. పుస్తకంగా వస్తే మాంగా, కదిలే బొమ్మగా వస్తే అనిమే. బొమ్మలో కుట్టు కనపడదు, బట్ట బరువెంతో తెలీదు. గీసినవాడికేం, గీసి చేతులు దులుపుకుంటాడు. కుట్టేవాళ్ల ఏడుపు కుట్టేవాళ్లది.

అవే కథల్ని మనుషులతో సినిమాలుగా కూడా తీస్తారని, వాటిని లైవ్ యాక్షన్ అంటారని ఒక పిల్ల చెప్పింది. కుట్లు చూద్దామని చూశాను. మొదటిది చూసినప్పుడు పగలబడి నవ్వాను. బొమ్మకైతే నిక్కబొడుచుకున్న జుట్టు అందం, అదే మనిషి నెత్తిన పెడితే బోర్లించిన చీపురు. అనిమే పిచ్చివాళ్లు ఈ సినిమాలను తిట్టిపోస్తారు, మా బొమ్మను పాడుచేశారని. నేను మాత్రం వదల్లేదు. గీతగా ఉన్నదానికి ఒళ్లు వచ్చేసరికి అది ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. ఆ తేడా దగ్గర నాకు ఒళ్లు జలదరిస్తుంది, అయినా చూడకుండా ఉండలేను.

పుదుచ్చేరిలో ఒక చిన్న సినిమా సంఘం వాళ్లు శుక్ర, శనివారాల్లో అలాంటి సినిమాలు మూడు వేస్తున్నారని, శనివారం మధ్యాహ్నం వేషాల పోటీ కూడా ఉందని నాకు చెప్పింది ఆండాళు. ఆమె ఉండేది కోసపాళయంలో. తాతల నాటి నుంచి అక్కడున్న తెలుగువాళ్లు. తట్టాంచావడిలో నైటీలు కుట్టే చోట పనిచేస్తుంది. తన కూతురి వేషానికి విగ్గు కావాలని రెండు నెలల కిందట నాకు ఫోన్ చేసింది. తెలుగు చదవడం రాదు కాబట్టి అన్నీ గొంతుతోనే పంపేది. ఆ గొంతు మెసేజీల్లోనే తెలిసింది, పిల్ల గుండెలో కవాటం చెడిందని, సోమవారం పొద్దున ఆపరేషనని, అంతకుముందు ఒక్కసారి ఆ వేషం కట్టి నిలబడాలని దాని కోరికని. "మెట్లు ఎక్కకుండా ఉంటే సరి అన్నాడక్కా డాక్టరు," అంది. విగ్గు పార్సిల్ చేయబుద్ధి కాలేదు. నేనే తెస్తానన్నాను.

శుక్రవారం ఉదయం ఆరు దాటాక నెల్లూరులో రైలెక్కితే తొమ్మిదిన్నరకు చెన్నై. అక్కడి నుంచి కోయంబేడు వెళ్లి, పదిముప్పావుకు సముద్రం పక్క రోడ్డున పోయే బస్సు పట్టుకున్నాను. ఎడమవైపు కూర్చోండి, నీళ్లు కనిపిస్తాయి. పక్క సీటాయన యానాం మనిషి, పుదుచ్చేరిలో సర్కారు ఉద్యోగం. ఎందుకు పోతున్నానో విని నోరు తెరిచాడు. "జపాన్ సినిమా చూడ్డానికి నెల్లూరు నుంచి వస్తున్నారా అండీ? మా ఆవిడ ఎదురింటికి పిలిచినా రాదండి." నా ఒళ్లో విగ్గు డబ్బా ఉంది. అందులో ఏముందని అడిగితే తలకాయ అని చెప్పాను. తర్వాత ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు.

రెండు నలభైకి దిగాను. బస్టాండు వెనక లాడ్జిలో గది, రోజుకు తొమ్మిది వందలు. వేడినీళ్లు ఉదయం ఏడు వరకే. సాంబారు సాదం తిని, గంట నడుం వాల్చి, ఐదున్నరకు హాలుకు వెళ్లాను. బీచి రోడ్డుకు రెండు వీధుల ఇవతల, కింది అంతస్తులోనే. అరవై కుర్చీలుంటాయి, సగం నిండాయి.

ఆ సాయంత్రం వేసిన సినిమా సరిగ్గా ఆండాళు కూతురు కట్టబోయే వేషం కథే. నది దాటించే పడవపిల్ల. తెల్ల కిమోనో, అంటే ముందు రెండంచులూ ఒకదాని మీద ఒకటి వేసి కట్టే జపాన్ అంగీ, దాని రొమ్ము మీద ఎర్ర కొంగ. మాంగాలో ఆ పిల్లకు కళ్లే ముఖం. సినిమాలో నటికి మామూలు కళ్లు, చెంప మీద చిన్న మచ్చ, తడిసిన బట్ట మోకాళ్లకు అతుక్కుని అడుగు పడనివ్వదు. బొమ్మలో ఆ బట్ట ఎప్పుడూ తడవలేదు. నడిమధ్యలో పడవపిల్ల అక్క చచ్చిపోతుంది. తల్లి ఆ శవానికి బట్ట కడుతుంది. కెమెరా కదలదు. కుడి అంచు తెచ్చి ఎడమదాని మీద వేసి, చేత్తో నెమ్మదిగా సర్దుతుంది. అంతే.

సినిమా అయ్యాక ఒక జపాన్ ఆవిడ మాట్లాడింది. అరవై దాటిన మనిషి, ఏళ్ల తరబడి ఈ ఊళ్లోనే ఉంటోందట, అరవం బాగా వచ్చు. బతికున్నవాళ్లు ఆడైనా మగైనా ఎడమ అంచే పైకి కట్టుకోవాలని, కుడిది పైకి వచ్చేది ఒక్క శవానికేనని చెప్పింది. "మా దేశంలో పిల్లలు పొరపాటున అలా కట్టుకుంటే అమ్మ చెయ్యి మీద కొడుతుంది," అంది. మనకూ తద్దినం రోజున జంధ్యం అపసవ్యం చేస్తారు కదా, అలాంటిదే అనుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాను.

శనివారం పది గంటలకు కోసపాళయం చేరాను. ఆటో డెబ్భై రూపాయలు. సన్నటి వీధి, పక్కన ఇస్త్రీ బండి, ఎదురుగా రేడియేటర్లు అతికే షెడ్డు. ఆండాళు గుమ్మంలోనే నిలబడి ఉంది. నలభై ఐదేళ్లుంటాయి, మెడలో కొలత టేపు. "రాక్కా, దోవ తెలిసిందా? కాపీ పెడతా ఉండు." లోపల కుర్చీలో కూతురు. పంతొమ్మిదేళ్లు, పెదాలు కొంచెం నీలంగా ఉన్నాయి, నవ్వితే ఇల్లంతా వెలుగు. సర్టిఫికెట్లలో కె. హరిణి, ఇంట్లో కుప్పమ్మ. ముందు పుట్టిన ఇద్దరు దక్కకపోతే, దీన్ని పుట్టగానే చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేటెడు తవుడిచ్చి కొన్నట్టు చేసి ఆ పేరు పెట్టారట. పనికిరాని సరుకనుకుని యముడు వదిలేస్తాడని. మా వైపు పెంటయ్యలు, పుల్లమ్మలు అలా పుట్టినవాళ్లే.

గోడంతా పిల్ల గీసుకున్న పడవపిల్ల బొమ్మలు. కాసేపు చూస్తే ఏదో తేడాగా అనిపించింది. అన్ని బొమ్మల్లోనూ తెడ్డు ఎడమచేతిలో ఉంది, కత్తులవాళ్లందరూ ఎడమచేతివాటం వాళ్లే. "పుస్తకం చూపించు తల్లీ," అన్నాను. పాత ఇంగ్లీషు ముద్రణ, సండే మార్కెట్లో కొన్నది. జపాన్ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలి. మనలాంటి వాళ్ల సౌకర్యం కోసం ఒకప్పుడు పేజీలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పేసి అచ్చువేసేవారు. ఊరూ మనుషులూ మొత్తం తారుమారు. "అట్లైతే ఈమెకి గుండె కుడిపక్క ఉంటాది పెద్దమ్మా," అని కుప్పమ్మ నవ్వింది.

అప్పుడు ఆండాళు వేషం తెచ్చి మంచం మీద పరిచింది.

ఏం పనితనం! తెల్ల కాటన్‌కు పట్టు లోపలి పొర, రొమ్ము మీద ఎర్రదారంతో కొంగ, ఒక్కో ఈకకు ఒక్కో కుట్టు. ఇరవై రెండేళ్లలో నా దుకాణంలోకి అలాంటిది రాలేదు. మెచ్చుకుందామని దగ్గరికి వంగాను. కుడి అంచు పైకి ఉంది. కొంగ కుడి అంచు మీదే ఉంది. లోపల కొక్కేలు పెట్టి కుట్టేసింది. ఎడమది పైకి తేవాలంటే కొక్కేలన్నీ విప్పాలి, తెచ్చినా కొంగ లోపలికి పోతుంది. నిన్న సాయంత్రం తెర మీద తల్లి సర్దిన కట్టు ఇదే, అదీ సోమవారం గుండె కోయించుకోబోయే పిల్ల కోసం.

కాపీ గ్లాసు పక్కన పెట్టేశాను. చెబితే ఆ తల్లి ఏమైపోతుంది? చెప్పకపోతే అరవై మంది ముందు పిల్ల పీనుగ బట్టతో నిలబడుతుంది. ఈ నమ్మకం మనది కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మనది కాకపోయినా ఒకసారి తెలిశాక తెలియనట్టు ఉండలేం. మునక్కాయ సాంబారు వడ్డిస్తూ ఆండాళు ఏంది అక్కా తినడంలేదు అని మూడుసార్లు అడిగింది. మూడోసారికి నావల్ల కాలేదు. వంటింట్లోకి పిలిచి చెప్పేశాను.

ముందు నమ్మలేదు. "ఆడోళ్ల చొక్కాకి కుడిదే గదక్కా పైన రావాల? ఇరవై ఏండ్లుగా కుడతాండా, నాకు తెలీదా?" నిజమే, ఆడవాళ్ల చొక్కాలకు కుడి అంచే పైన వస్తుంది. పుస్తకమూ అలాగే చూపించింది, ఆమె చేతికి అలవాటూ అదే. అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? నేను మళ్లీ మెల్లగా చెప్పాను. ఆండాళు పొయ్యి ఆపింది. నేల మీద కూలబడింది. "నా చేత్తో నేనే కుట్టినానే... అయ్యో దేవుడా, నా చేత్తో నేనే." తర్వాత గబుక్కున లేచి కత్తెర తీసుకుంది.

గుమ్మంలో కుప్పమ్మ నిలబడి ఉంది. "కత్తెర కింద పెట్టు మా. నాకు తెలుసు."

నెల కిందటే ఫోన్లో ఆ సినిమా చూసిందట. శవానికి కట్టే చోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూసిందట. అప్పటికే అమ్మ కొంగను సగం కుట్టేసింది. తల్లి దాన్ని భుజాలు పట్టి ఊపేసింది. "ఏందే నీకు పిచ్చా? తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"నన్ను కుప్ప మీద ఎందుకు పడేసినావు?" అంది పిల్ల. ఆయాసం వచ్చి తలుపు పట్టుకుంది. "పారేసినట్టు చూపిస్తే యముడు వదిలేస్తాడని గదా? ఇప్పుడు చచ్చినట్టు చూపిస్తా, అంతే. ఈ బట్ట ఒకసారి కట్టేసుకుంటే, సోమవారం మళ్లా కట్టాల్సిన పని లేదు."

ఎదురు షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది, భోజనాల వేళ అయివుంటుంది. ఆండాళు కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. కత్తెర గూట్లో పెట్టి, "సరి, నేనే కడతా," అంది.

కట్టింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, బయటికి పోయుంటే బాగుండేది. కుడి అంచు తెచ్చి ఎడమదాని మీద వేసి, చేత్తో నెమ్మదిగా సర్దింది. తెర మీద తల్లి ఎలా సర్దిందో ఈమె చూడలేదు. అయినా ఆ చెయ్యి అలాగే కదిలింది. నేను తెచ్చిన విగ్గు నేనే పెట్టి పిన్నులు గుచ్చాను. భయమేసిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మూడు గంటలకు పోటీ. పదకొండు వేషాలు. నీలం జుట్టువాళ్లు, కొమ్ములవాళ్లు, ఈలలు, కేకలు. కుప్పమ్మ పేరు ఏడోది. మెట్లు వద్దని వేదిక ముందు నేల మీదే నిలబెట్టారు. అది వచ్చి, తెడ్డు ఆనించి, కదలకుండా నిలబడింది. రెప్ప కూడా వేయలేదు. ఈలలు వాటంతటవే ఆగిపోయాయి. పంకాలు తిరుగుతున్నా ఆ తెల్లబట్ట అంచు కదిలినట్టు నాకు కనిపించలేదు. ముందు వరసలోంచి జపాన్ ఆవిడ లేచింది. పిల్ల రొమ్ము వైపు చూసింది, ముఖం పాలిపోయింది. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, చాలా కిందికి వంగింది. కుప్పమ్మ కూడా వంగింది. పక్కనున్న ఆండాళు నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే మర్నాటికి గోళ్ల గుర్తులు పోలేదు.

బహుమతి రాలేదు. అంచు తప్పుగా ఉందని మార్కులు తగ్గించారట, పోనీండి. జపాన్ ఆవిడ వెనక గదిలోకి వచ్చి "ఎవరు కట్టారు?" అని అరవంలో అడిగింది. ఆండాళు తానేనని చెప్పింది. ఆవిడ కుప్పమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "వెచ్చగా ఉంది," అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. ఆవిడ వెళ్లాక తల్లి బట్ట విప్పి, ఇంటికి తీసుకుపోయి, పిల్లకు తలమీంచి నీళ్లు పోసింది.

ఆదివారం పొద్దున ఆస్పత్రిలో చేర్చారు. నేను ఊరు చూశాను. బొటానికల్ గార్డెన్ పోవచ్చు, టికెట్ తక్కువ. సండే మార్కెట్లో బేరం ఆడండి, మూడో వంతు నుంచి మొదలుపెట్టండి. నేను చూశానే గానీ ఏదీ మనసుకెక్కలేదు. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రి గేటు దగ్గర ఆండాళు ఒక పెద్ద మూట తెచ్చి నా ముందు పెట్టింది. కిమోనో, దానిపైన విగ్గు, చుట్టూ శాలువా.

"దీన్ని ఇంట్లో పెట్టలేను. కాల్చలేను, పారెయ్యలేను. నువ్వు ఊరు పొలిమేర దాటించక్కా."

"సరే, తీసుకుపోతాలే."

"మూట మాదిరి కాదు. టికెట్ తియ్యి. సీట్లో కూర్చోబెట్టు. కుప్పమ్మ ఊరు ఇడిచి పోయింది, ఈడ లేదు అని అందురికీ తెలియాల." అందరూ అంటే ఎవరో నేను అడగలేదు. ఆమె టికెట్ డబ్బులివ్వబోతే వద్దన్నాను, కానీ ఊరుకోలేదు. ఈ టికెట్ తల్లే తీయాలంది.

సోమవారం ఉదయం ఏడున్నరకు నెల్లూరు బస్సు. చెన్నైలో మారే పని లేదు, మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగుతారు, నడుం నొప్పి ఉన్నవాళ్లు దిండు తెచ్చుకోండి. మూటను కిటికీ పక్కన ఆనించి నేను ఇవతల కూర్చున్నాను. కండక్టర్ మా వైపు మనిషే.

"రెండెందుకమ్మా? మూటకు లగేజీ కొడతాలే."

"లగేజీ కాదు నాయనా. మనిషి టికెట్టే."

"మనిషేదీ?"

"ఎక్కింది. నువ్వు చూళ్లేదు."

అతను కిటికీ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, రెండో టికెట్ చించి నా చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా ముందుకు పోయాడు. ఎనిమిదింటికి ఆపరేషన్ మొదలవుతుంది. బస్సు ఊరు దాటింది.

చెన్నైలో జనం తోసుకుంటూ ఎక్కారు. నిలబడే చోటు కూడా లేదు. ఒక ముసలావిడ మా సీటు దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని లోపలికి చూసింది. సీటు అడిగితే మూటను ఒళ్లో పెట్టుకోవాల్సిందే అనుకున్నాను. "పాపం, ఆ పిల్ల నిద్రపోతా ఉంది, లేపబాకు," అని వెనక్కి వెళ్లిపోయింది. శాలువాలోంచి విగ్గు జారి జుట్టు కిటికీ మీద పడి ఉంది. ఆవిడకు చూపు ఆనదేమో. నేను సర్దబోయి మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సూళ్లూరుపేట దాకా ఆ వైపు తల తిప్పలేదు.

గీసిన బొమ్మకు మనిషి ఒళ్లు ఇస్తే బొమ్మ పాడవుతుందని అనిమేవాళ్లు అంటారు. మూడు సినిమాలు చూద్దామని పోయి ఒక్కటే చూసి వస్తున్నదాన్ని, నాకేం తెలుసు. కానీ ఒకటి చెప్పగలను. బొమ్మ చచ్చినా బతికినా కాగితమే. దానికి ఒళ్లు ఇచ్చే పిల్ల మాత్రం, ఆ కాసేపు, నిజంగానే అక్కడ నిలబడాలి. ఆ సినిమాల్లో తేడా కొడుతుందన్నానే, అది బహుశా ఆ పిల్లల భయమేనేమో.

గూడూరు దాటాక, మూడు కావస్తుండగా ఫోన్ మోగింది. ఆండాళు. కాసేపు ఏడుపే వినిపించింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బైటికి తెచ్చినారక్కా. ఇంకా కండ్లు తెరవలేదు. గుండె దానంతట అదే కొట్టుకుంటాందంట. డాక్టరు చెప్పినాడు, దానంతట అదే."

నేను బస్సులో అందరి ముందూ భోరుమన్నాను. ఆ ముసలావిడ కూడా తిరిగి చూసింది. తర్వాత ఆండాళు గొంతు తగ్గించింది.

"ఆమె యాడుండాది?"

"నా పక్కనే. కిటికీ దగ్గర."

"నిద్రపోతాందా?"

కిటికీ వైపు చూశాను. "ఆఁ."

"లేపొద్దు. ఈడికి దోవ తెలీకూడదు."

మూడు నలభైకి నెల్లూరు. అందరూ దిగేదాకా ఆగాను. జుట్టు సర్ది, శాలువా కప్పి, మూటను రెండు చేతులతో ఎత్తుకున్నాను. ఎక్కించినప్పటికంటే బరువుగా అనిపించింది, అలసట అయ్యుంటుంది.

"రా తల్లీ, మెట్లు చూసుకో," అని దిగాను.